బాయికాడి నంబర్

ఉప్పుగూడ,
20 జనవరి 2025

తమ్ముడు సాయిలుకు,

మీ అక్క మాణిక్యమ్మ రాసేది. నువ్వెట్లున్నవ్? నీ మోకాలు ఎట్లున్నది? నేనిచ్చిన నూనె రాస్తున్నవా, సీసను గూట్ల పెట్టి దండం పెడుతున్నవా? మరదలు బాలమణి ఎట్లున్నది? బీపీ గోలీలు దినాం ఏసుకుంటున్నదా, తల తిరిగిననాడే ఏసుకుంటున్నదా? మన పాలోడు, పక్క చెల్క రాజన్నకు దగ్గు తగ్గిందా? బర్రె ఈనిందా? ఈనితే దూడ ఎట్లున్నది? అన్నీ ఇవరంగ రాయి. పోయినసారి "అందరం బాగున్నం" అని ఒక్క ముక్క రాసి పంపినవు. అందరంటే ఎవలెవలు? బర్రె సుత అందులనే వచ్చిందా?

ఇక్కడ మా కొడుకు వెస్లీకి బస్సు డిపోల డ్యూటీ మార్చిన్రు. తెల్లారకముందే పోతడు, తిన్నడో లేదో దేవునికే ఎరుక. నీ కోడలు సుజనకు నడుం పట్టేసింది. మనుమరాలు స్వీటీకి పరీక్షలు, తల దువ్వుకుంట సుత చదువుతది. నా సంగతి అడగకు. కుడి చెవి ఎన్నడో పాయె. ఎడమ చెవి దానికి బుద్ధి పుడితే పనిచేస్తది.

ఇగ అసలు ముచ్చట. మన ఏర్పాటేంది? నాకు ఫోన్ల మాట సక్కగ ఇనరాదు కాబట్టి, పొద్దుగాల ఒకపారి, పొద్దుగూకినంక ఒకపారి నేను రింగిస్త, నువ్వు ఎత్తకుంట లైన్ కోస్తవ్. కోసినవంటే బతికున్నవని నాకు ధైర్యం. గంతే కద నీ పని? ఒక్క బటన్ ఒత్తుడు. గీ మధ్య రింగు పోయి పోయి దానంతట అదే ఆగుతుంది. కోసెటోడు లేడు. నేను చాయ్ గిలాస చేతిల పట్టుకొని ఫోన్ దిక్కు చూసుకుంట కూసుంటున్న. చాయ్ మీద మీగడ కడుతుంది.

చీకట్ల బాయికాడికి పోకు తమ్మీ. మోటర్ ఏసేది తెల్లారినంక ఏస్తే పంటేం ఉరికిపోదు. బాపు గట్లనే పోయి కద, స్టార్టర్ డబ్బ మూత తీసిండు, లోపల సుట్టుకొని పండుకున్నది. ఇంక దాని పేరు రాయ.

జవాబు తొందరగ రాయి. కోసుడు మర్చిపోకు.

ఇట్లు
నీ అక్క మాణిక్యమ్మ


చింతగూడెం,
28 జనవరి

అక్కకు శనార్తి.

నేను బాగున్న. మోకాలు బాగున్నది. నూనె రాస్తున్న. బాలమణి బాగున్నది, గోలీలు ఏసుకుంటున్నది. రాజన్న దగ్గు పోయింది, బీడీ పోలే. బర్రె ఈనింది, పెయ్యదూడ, అది సుత బాగున్నది. ఇగ ఇడిచిపెడుతవా?

కోస్తలేనని కోపమైతున్నవు. సెల్లు అంగీ జేబుల ఉంటది, అంగీ ఒరం మీద ఉంటది, నేను మడిల ఉంట. ఎట్ల కోస్తనే?

నీకొక సంబురం చెప్త. ఇగ నేను చీకట్ల బాయికాడికి పొయ్యేది లేదు. నేనూ రాజన్న కలిసి షాద్‌నగర్ల ఒక డబ్బ తెచ్చి మోటర్‌కు బిగిచ్చినం. ఇంట్ల మంచం మీద కూసుండి సెల్లు ఒత్తితే అక్కడ మోటర్ నడుస్తది. మల్ల ఒత్తితే ఆగుతది. నడిచిందా ఆగిందా అదే చెప్తది. పాము లేదు, షాక్ లేదు. సగం నీ బాధ పడలేకనే తెచ్చిన. దానికో సిమ్ము కావాలన్నరు, కొత్తది తీసుకున్న.

బోరు నా చెల్కల, మోటర్ రాజన్నది, నీకెరుకే కద. ఒక దినం నా వంతు, ఒక దినం ఆయన వంతు. ఎండలు ముదిరితే బోరుల నీళ్లు తగ్గుతయి, గందుకే వంతు తప్పొద్దని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నం. నేను ఎకరంనర టమాట పెట్టిన. పూత మస్తుగున్నది. ఏ మార్కెట్ల టమాట ధరెంతో పొద్దుగాలనే సెల్లుకు మెసేజ్ వస్తది. దలాలోడు "ఇయ్యాల రేటు పడ్డది సాయిలూ" అంటే, సెల్లు తీసి వాని ముక్కు ముంగట పెడుత. మునుపు గిట్లుంటే బాపు ఇంకో రెండెకరాలు కొనేటోడు.

ఒక్క పని చెయ్యి. కొత్త సిమ్ముల బ్యాలెన్స్ అయిపోకుంట అల్లుడు వెస్లీతోని రీచార్జ్ చేపియ్యి. నాకు ఆ ఒత్తుడు రాదు, దుకాన్ల పిలగాడు పదిసార్లు తిప్పుకుంటడు. బాయికాడి నంబర్ కింద పెద్దగ రాసిన, చూడు.

నీ తమ్ముడు
సాయిలు


ఉప్పుగూడ,
7 ఫిబ్రవరి

సాయిలూ,

నువ్వు బాగున్నవని రాసినవు, నమ్మిన. బాలమణి బాగున్నదని రాసినవు, అది నాకు ఎరుకైంది. ఎట్ల ఎరుకైందో చెప్త, ముందుగాల పని ముచ్చట. రీచార్జ్ చేపిచ్చిన. వెస్లీ బస్సుల నిలబడి టకటక ఒత్తిండట, అయిపాయె.

బాయికాడ ఇంకో ఫోన్ పెట్టుకునుడు మంచి పని. పొద్దంత బాయికాడ ఉండేటోనికి ఫోన్ అక్కడుండాలె గని అంగీ జేబుల ఎందుకు? స్వీటీతోని ఆ నంబర్ నా ఫోన్ల ఎక్కిపిచ్చిన. "తాత బాయి" అని రాసింది. ఇగ ఎగిలివారంగ ఒకపారి, పొద్దుగూకినంక ఒకపారి దానికే కొడుతున్న.

సాయిలూ, నువ్వెందుకు ఎత్తుతలేవు? ఆ ఆడామెతోని ఎందుకు ఎత్తిపిస్తున్నవు? కోసుడు లేదు ఏం లేదు, ఒక్క రింగుకే ఎత్తుతది. ఏందో గొణిగి "చాలు" అంటది. టక్కున పెట్టేస్తది. నా చెవులకు ప్రార్థనల పాస్టరయ్య మైకు పెట్టి చెప్పింది ఇనరాదు గని, ఆ మాట మంచిగ ఇనొచ్చింది. చాలు! ఏం చాలు? నీకు నేను పొద్దుకు రెండుసార్లు ఫోన్ చేసుడు చాలా? సరే, రాంగ్ నంబరేమో అని మల్ల కొట్టిన. గీపారి "బంద్" అన్నది. బంద్ చెయ్యమంటది నన్ను!

బాలమణి గాక అక్కడ ఇంకెవలుంటరు? దానికి నా మీద లోపల ఏదో ఉన్నది. స్వీటీ ఫంక్షన్ల పెట్టిన చీర నచ్చలేదని అప్పుడే మొఖం చూసి అనుకున్న. అది చార్మినార్ కాడ నాలుగు దుకాండ్లు తిరిగి తెచ్చిన చీర, దానికి చెప్పు. రంగు దుకాన్ల లైటుకు ఒక తీరుగ కనబడ్డది, అదీ నా తప్పేనా?

నాకు ఇట్ల రాసుడు ఇష్టం లేదు. కాని ఇన్నేండ్లల నన్ను "చాలు" అన్నోళ్లు లేరు.

టమాట మా దగ్గర ఇంకా పిరంగనే ఉన్నది. నీది ఎన్నడు కోతకొస్తది?

నీ అక్క


చింతగూడెం,
16 ఫిబ్రవరి

అక్కా, శనార్తి.

నీ ఉత్తరం వచ్చిననాడు నేను ఇంట్ల లేను. బాలమణి ఇప్పి చదివింది. చదివి పొయ్యిల పెట్టింది. నువ్వేం రాసినవో నాకు ఒక్క అక్షరం తెల్వది. "నేనేదో ఫోన్ ఎత్తి కసిరినన్నట, మీ అక్క తిట్టుకుంట రాసింది" అన్నది. గంతే. అప్పటిసంది అన్నం పెడుతది, మాట్లాడది. ఉప్పు ఎక్కువైందంటే ఉప్పు డబ్బ నా ముంగట పెట్టి పోతది. అక్కా, దానికి సెల్లు ముట్టాలంటేనే భయం. రింగైతే దూరంకెల్లి నన్ను పిలుస్తది. నువ్వేం రాసినవే?

ఇక్కడ అంతకన్న పెద్ద లొల్లి ఉన్నది. మోటర్‌కు దయ్యం పట్టింది. ఎగిలివారంగ దానంతట అదే నడుస్తది. పొద్దుగూకినంక మల్ల నడుస్తది. నిన్న నీళ్లు ఎటు తిప్పి పెడితే అటే పారుతయి కద, నా వంతునాడు రాజన్న మడి నిండుతుంది, ఆయన వంతునాడు నా టమాట మునుగుతుంది. నిజంగ తడి కావాల్సిన యాల్లకు బోరు గాలి కక్కుతుంది. ఆకు పసుపు పచ్చగైంది. ఫోటో తీసి ఆ సెల్లుల రేట్లు చెప్పేదానికే పంపితే, అది వంకాయకు మందు చెప్పింది.

మంచి డబ్బలైతే మనం చెప్పిన నంబర్లకే పలుకుతయట. మాది సస్తాది, తక్కువ పైసలది. నంబర్ తెలిసినోడు ఎవడు కొట్టినా పలుకుతది. నంబర్ తెలిసింది ఇద్దరికే, నాకూ రాజన్నకూ. నేను కొడుతలేను. ఇగ నువ్వే చెప్పు.

మొన్న ఆపుదామని సెల్లు చేతిల పట్టుకొని ఉరికితే ఒరం మీద జారి కాలువల పడ్డ. నాకేం కాలే. సెల్లు మునిగింది. బియ్యంల పెడితే నీళ్లు గుంజుతయన్నరు, బియ్యం డబ్బల పెట్టిన. నువ్వు రింగిస్తే కోసెటోడు లేడు. ఫికర్ చెయ్యకు.

సాయిలు


ఉప్పుగూడ,
17 ఫిబ్రవరి

సాయిలూ,

నీ దగ్గరికెల్లి ఉత్తరం లేదు. నీ పాత నంబర్‌కు చేస్తే స్విచ్చాఫ్ అంటుందని స్వీటీ ఇని చెప్పింది. ఎందుకు స్విచ్చాఫ్? ఏమైంది? నిన్నటిసంది ఫోన్ చేతిలకెల్లి కింద పెడుతలేను. సుజన "అత్తమ్మా, ఏం కాలేదు, చార్జింగ్ అయిపోయుంటది" అంటది. చార్జింగ్ అయిపోతే పెట్టుకోరా మనుషులు?

పొద్దుగాల కొట్టిన, పగటీలి కొట్టిన, చాయ్ తాగి కొట్టిన, మాపటీలి ప్రార్థనకు పొయ్యేముందు కొట్టిన, వచ్చినంక కొట్టిన. ఆమెనే ఎత్తుతది. ఒకపారి చాలంటది, ఒకపారి బందంటది. "బాలమణీ, సాయిలు బతికున్నడా, గదొక్కటి చెప్పే" అని ఒర్లిన. వీధిల మనుషులు ఆగి చూసిన్రు. అది మాత్రం పెట్టేసింది. స్వీటీతోని ఇనిపిద్దామంటే ఇజ్జత్ అడ్డమొచ్చింది. మన ఇంటి మనిషి నన్ను గట్ల కసురుతుందని పిల్లకు తెలిస్తే రేపు దాని మొఖం ఎట్ల చూస్త?

మా నయాపూల్ అవతల కోర్టుల అన్నదమ్ములు ఆడోళ్ల మాటల మీదనే కొట్లాడుకుంటున్నరట. మనకు గట్ల రావద్దు. ఏదన్న ఉంటే మొఖం మీద అనుమను. నేను పడుత.

బతికుంటే ఒక్క ముక్క రాయి.

మాణిక్యమ్మ


చింతగూడెం,
2 మార్చి

అక్కా,

బతికున్న. కాని ఇది బతుకా?

ముందుగాల నీ లొల్లి. బాలమణి ఫోన్ ఎత్తుతది, కసురుతది అని మల్ల రాసినవు. గీ ఉత్తరం నేనే చదివిన, దాచిపెట్టిన. అక్కా, నా సెల్లు నెల సగం బియ్యం డబ్బల ఉన్నది. తీసినా పలుకుతలేదు, రిపేరుకు ఇచ్చిన, వాడు పార్టు రావాలె అంటుండు. బియ్యంల ఉన్న ఫోన్‌ను ఎవలు ఎత్తుతరే? నీకు చెవులొక్కటే పోయినయనుకున్న.

ఇగ నా లొల్లి. నువ్వు రాసిన దినాలల్లనే మోటర్ ఎన్నడూ లేనంత ఆగమైంది. పొద్దుకు ఐదారుసార్లు నడుసుడు, ఆగుడు. బోరు అడుగు దాక ఎండింది. నాకు తల తిరిగింది. హోటల్ కాడ పదిమంది ముంగట రాజన్నను "దొంగ నీళ్లు పారిచ్చుకునేటోడా" అని అన్న. ఆయన చాయ్ గిలాస బల్ల మీద పెట్టిండు. "నీ బోరు నీకు ముబారక్, నా మోటర్ నేను గుంజుకుంట" అని ఎల్లిపోయిండు.

పదహారో తారీఖు ఐతారం పెద్దమనుషుల పంచాయితి. ఆనాడు మోటర్ తీస్తడు. తీస్తే టమాట పోతది. కాయ ఇప్పుడిప్పుడే గోలికాయంత అయ్యింది, ఈ ఎండకు నాలుగు దినాలు నీళ్లు లేకుంటే రాలుతది. కొత్త మోటర్ నాతోని కాదు. ఇద్దరం కలిసి ఒక బోరు మీద ఇన్నేండ్లు ఎల్లదీసినం, డబ్బ వచ్చిన నెలకు ఇడిపోతున్నం.

నీకు చెప్తే నువ్వేం చేస్తవ్. ఊకె రాసిన.

సాయిలు


ఉప్పుగూడ,
9 మార్చి, ఐతారం

సాయిలూ,

ఈపారి ఎవలెట్లున్నరని అడుగుతలేను. ఎవలెట్లున్నరో, ఎవలతోని గట్లయిండ్రో నాకు తెలిసింది.

నీ ఉత్తరం నిన్న అందింది. బియ్యంల ఉన్న ఫోన్‌ను ఎవలు ఎత్తుతరే అని అడిగినవు. రాత్రంత గదే తిరిగింది మనసుల. ఎవలు ఎత్తుతరు? దయ్యాలను నేను నమ్మ, నువ్వు నమ్ముతవ్.

ఇయ్యాల పొద్దుగాల నల్లా వచ్చింది. పైన ఉండే రజియా ఎప్పటిలెక్కనే మెట్ల మీదికెల్లి ఒర్లింది. "మాణిక్యమ్మా, పానీ ఆగయా! మోటర్ చాలూ కరో!" అని. నేను బకీట్ పట్టుకొని గట్లనే నిలబడ్డ. ఈ ఇంటికి కోడలై వచ్చిననాటిసంది ఇంటున్న మాట. పానీ వస్తే మోటర్ చాలూ కరో, అంటే నడిపియ్యమని; ట్యాంక్ నిండితే మోటర్ బంద్ కరో, అంటే ఆపమని. రజియా మల్ల ఒర్లింది, "సునాయీ నై దేతా క్యా?" అని. ఇనొచ్చింది రజియా. నీకు తెల్వది, గిప్పుడే ఇనొచ్చింది.

ఇజ్జత్ పక్కకు పెట్టి స్వీటీని పిలిచిన. "తాత బాయి" నంబర్ కొట్టి దాని చెవికి పెట్టిన. అది ఇని, "నానమ్మా, రికార్డింగ్. మోటర్ చాలూ హై అంటుంది" అన్నది. అయ్యో, అక్కడ మోటర్ నడిచింది! మల్ల కొట్టిన. "మోటర్ బంద్ హై అంటుంది" అన్నది. ఇయ్యాల పొద్దుగాల నీ మోటర్ చిటికెల నడిచి ఆగిందంటే అది నేనే. అన్ని దినాలు నేనే. దయ్యం ఉప్పుగూడల ఉన్నది, చాయ్ తాగుకుంట కూసున్నది.

కాని తప్పంత నా మీద ఏసుకుంటననుకోకు. "బాయికాడి నంబర్" అని రాస్తివి. బాయికాడ నువ్వుంటవు, నీ అంగీ ఉంటది, నీ ఫోన్ ఉంటదని నేననుకుంట గని, మోటర్ ఫోన్ ఎత్తి హిందీల మాట్లాడుతదని నాకేం ఎరుక? "ఇది మోటర్ నంబర్ అక్కా, నువ్వు కొట్టకు" అని రాస్తే నీ చెయ్యి నొస్తుండెనా? దానికో సిమ్ము అంటివి. దానికంటే దేనికి? నంబర్ ఇద్దరికే ఎరుక అన్నవు. మూడోది నేను. పెద్ద అక్షరాలతోని రాసి పంపినవు, మర్చిపోయినవు. సెల్లుల టమాట రేటు చూసుకునే తెలివి ఉన్నోనికి, అక్కకు ఏం రాసిండో యాది లేదు.

తెలుగోళ్ల మోటర్‌కు హిందీ ఎందుకు పెట్టిన్రో ఆ డబ్బోన్ని అడుగు. తెలుగుల చెప్తే నేను బాలమణిని అనేదాన్నా? అది నా ఉత్తరం పొయ్యిల పెట్టి మంచే చేసింది. ఆ ఉత్తరం లోకంల లేకుంట పోయింది. దానికి నువ్వేం చెప్పకు. నువ్వు చెప్తే ఇంకో ముక్క తప్పు చెప్తవ్. నేనే చెప్త. చీర సుత మార్చి తెస్తున్న, ఈపారి ఎండల నిలబడి రంగు చూసిన.

ఇగ రాజన్న. దొంగ అంటివారా ఆయనను? బాపును పాము కరిచిన్నాడు భుజం మీద ఏసుకొని తారు రోడ్డు దాక ఉరికిందెవలు? ఉరికి ఉరికి చెప్పులు ఎక్కడ పడిపోయినయో సుత తెల్వదు. రోడ్డు కాడ బాపు తల నా ఒడిల పెట్టి, ఒట్టి కాళ్లతోని నిలబడ్డడు. బాపు దక్కలే. కాని ఆ ఉరుకుడు మనం మర్చిపోతమా? నువ్వు ఆ డబ్బ నా భయానికి తెచ్చినవు. నా భయమే దాన్ని ఆగం చేసింది. నడుమ రాజన్న ఏం చేసిండు?

వెస్లీ "అమ్మా, రాజన్న మామకు నేనిప్పుడే ఫోన్ చేసి చెప్త" అన్నడు. ఫోన్ చేతిల సుత తీసిండు. వద్దన్న. ఇన్ని తప్పులు ఫోన్‌లనే అయినయి. ఇది మొఖం చూసి చెప్పే మాట.

నేను వస్తున్న. ఈ ఉత్తరం స్పీడ్ పోస్టుల ఏపిస్తున్న, నాకన్న ముందు అందాలె. ఆ సిమ్ము తియ్యకు, డబ్బ ముట్టకు. పంచాయితిల పెద్దమనుషులు కూసున్నంక నేను నిలబడి వాళ్ల ముంగట నంబర్ కొడుత. ఒక మనిషిని బాయికాడ నిలబెట్టున్రి. మోటర్ నడిచినంక ఎవలు దొంగనో వాళ్లే చెప్పాలె. నవ్వితే నవ్వనీ. నవ్వినంక మోటర్ ఎవలు గుంజుతరు? అయినంక స్వీటీ రాసిన ఆ "తాత బాయి" పేరు వాళ్ల ముంగటనే ఫోన్లకెల్లి తీసేపిస్త.

బాలమణికి కారం తక్కువ ఏసి వండుమను, నాకు గ్యాస్ ఉన్నది. దూడకు పేరు పెట్టకుండ్రి, స్వీటీ పెడుతదట. నీ మోకాలుకు ఇంకో సీస తెస్తున్న. ఈపారి రాయకుంటే నేనే పట్టుకొని రాస్త.

పదిహేనో తారీఖు, శనివారం, పొద్దుగాల పాసింజర్ ఎక్కుత. షాద్‌నగర్ల దిగి ఆటోల వస్త, నువ్వు ఎదురు రావద్దు, ఒరం మీద జారి పడుతవ్. ముందుగాల రాజన్న గడప తొక్కుత, ఆయింత నీది. అప్పటిదాక నేను ఎవలకు రింగియ్య. మోటర్ సప్పుడు చెయ్యకుంట ఉన్నదంటే, ఉప్పుగూడల మీ అక్క బతికే ఉన్నదని లెక్క.

శనివారం, పదిహేనో తారీఖు.

మాణిక్యమ్మ